జపాను దారి పక్క చిన్న గుళ్ళు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఉద్యోగరీత్యా యోకోహామాలో ఉంటున్నాను. ఇంటి నుంచి రైల్వే స్టేషనుకు నడిచే దారిలో మూడు చిన్న గుళ్ళ లాంటివి కనిపిస్తాయి. ఒకదానిలో మెడకు ఎర్ర గుడ్డ కట్టిన బోడితల రాతి విగ్రహం ఉంది. ఇంకొకదాని ముందు ఎర్ర రంగు ద్వారమూ రెండు నక్క బొమ్మలూ ఉన్నాయి. మూడో చోట అక్షరాలు చెక్కిన నిలువు రాయి ఒకటే ఉంది. ఇవన్నీ ఒకే మతానికి చెందినవేనా? వీటిని ఏమని పిలవాలి?
– ఒక పాఠకుడు, యోకోహామా

జవాబు: మీరు చూసినవి మూడు వేర్వేరు సంప్రదాయాలకు చెందినవి. అయితే వాటికి నీళ్ళు మార్చి, పూలు పెట్టి, ఆకులు ఊడ్చే చేతులు మాత్రం బహుశా ఒకే వీధివాళ్ళవి. జపాను చిన్న గుళ్ళ గురించి ముందుగా తెలుసుకోవలసింది ఇదేనని నేను అనుకుంటాను. వాటిలో చాలావాటికి పూజారి ఉండడు, పాలకమండలి ఉండదు, ఆదాయమూ ఉండదు. ఇరుగుపొరుగు ఉన్నంతకాలం అవి ఉంటాయి.

బోడితల విగ్రహం జిజోది. సంస్కృతంలో క్షితిగర్భుడని పేరున్న బోధిసత్త్వుడే జపానులో జిజో అయ్యాడు గనుక అది బౌద్ధానికి చెందినది. నక్కలున్న గుడి ఇనారిది. ఇనారి మొదట వరి పంటకు, తరువాతి కాలంలో వ్యాపారాభివృద్ధికి కూడా అధిదేవత అయిన, జపాను సొంత మతమైన షింతోకు చెందిన దేవత. నక్క ఆ దేవతకు దూత మాత్రమే, దేవత కాదు. ఈ తేడాను జపానులో కూడా చాలామంది మరచిపోతుంటారు. క్యోటోలోని ఫుషిమి ఇనారి ఆలయం వీటన్నిటికీ మూలస్థానం. దేశంలో సుమారు 30,000 ఇనారి ఆలయాలు ఉన్నాయని సాధారణంగా చెబుతారు గానీ, ఇళ్ళ పెరళ్ళలో, కర్మాగారాల ఆవరణల్లో, మేడల మీద ఉన్న చిన్నచిన్న గుళ్ళు ఆ లెక్కలోకి రావు. ఇక అక్షరాలు చెక్కిన రాయి కోషిన్ రాయి కావచ్చు, గుర్రం తల కన్నోన్ రాయి కావచ్చు. ఆ రెండింటి గురించీ కింద వేరే ప్రశ్నలకు జవాబులో వివరించాను.

షింతో దేవతకు కట్టిన చిన్న గుడిని హొకోర అంటారు. మోకాలెత్తు రాతి పెట్టెలా ఉన్నదీ హొకోరే, మనిషి ఎత్తు చెక్క గూడూ హొకోరే. దాని తలుపుల వెనుక అద్దమో, రాయో, పెద్ద ఆలయం నుంచి తెచ్చిన కాగితపు రక్షో ఉంటుంది. దేవత నిలిచే చోటు అదే గనుక మామూలు రోజుల్లో ఆ తలుపు ఎవరూ తెరవరు. జిజోకు వేసిన కప్పును హొకోర అనడం కన్నా జిజో-దో అనడం సరైనది. ఇంతకూ మీ వీధిలోని పెద్దావిడ ఈ రెండు మాటల్లో దేనినీ వాడకపోవచ్చు. ఆమె నోట వచ్చేది ‘ఒ-జిజో-సాన్’, ‘ఒ-ఇనారి-సాన్’ అన్న పిలుపులే. మీరూ అలాగే అడిగితే ఆ గుడి కథంతా చెప్పేవాళ్ళు దొరుకుతారు.

బౌద్ధానికీ షింతోకూ మధ్య గీత గీసింది 1868లో అధికారంలోకి వచ్చిన మెయిజీ ప్రభుత్వం. అంతకు ముందు వెయ్యేళ్ళకు పైగా రెండూ కలిసే నడిచాయి, ఒకే ఆవరణలో సూత్రపఠనమూ దేవతార్చనా జరిగేవి. పెద్ద ఆలయాలను ఆజ్ఞలతో విడదీశారు గానీ, దారి పక్కన ఉన్నవాటిలో ఆ పాత కలయిక ఇప్పటికీ కనిపిస్తుంది; తోరీ అనే షింతో ద్వారం వెనుక జిజో నిలబడిన చోట్లు ఉన్నాయి. నగరాల్లో స్థలం కరువైనప్పుడు ఈ గుళ్ళను తీసివేయకుండా పైకి ఎత్తిన సందర్భాలూ ఉన్నాయి. టోక్యో గింజాలోని మిత్సుకోషి డిపార్ట్‌మెంట్ స్టోర్ పైకప్పు మీద, మెయిజీ కాలంలో ఆ దగ్గరి కాలువలో దొరికిందని చెప్పే జిజో విగ్రహం ఉంది. కింద అంతస్తుల్లో అమ్మకాలు సాగుతుంటే పైన పూజలు సాగుతుంటాయి.

ప్రశ్న: జిజో మెడకు ఎర్ర గుడ్డ ఎందుకు కడతారు? పిల్లలను పోగొట్టుకున్న తల్లులు అక్కడ ఆటబొమ్మలు పెడతారని చదివాను. నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నిజమే. క్షితిగర్భుడి ప్రతిజ్ఞ తెలిస్తే ఆ గుడ్డా ఆ బొమ్మలూ ఎందుకు వచ్చాయో అర్థమవుతుంది. శాక్యముని బుద్ధుడు నిర్వాణం చెందిన తరువాత మైత్రేయుడు వచ్చేదాకా లోకంలో బుద్ధుడు ఉండడు గనుక, ఆ మధ్యకాలమంతా దేవ, మనుష్య, అసుర, తిర్యక్, ప్రేత, నరక గతులు ఆరింటిలోనూ తిరుగుతూ జీవులను ఆదుకుంటానని ఆయన మాట ఇచ్చాడని మహాయాన బౌద్ధులు నమ్ముతారు. శ్మశానాల ముందు ఆరు జిజో విగ్రహాలను వరసగా నిలబెట్టడం ఆ ఆరు గతులకు గుర్తుగానే. మిగిలిన బోధిసత్త్వులను కిరీటాలతో, ఆభరణాలతో రాజకుమారుల్లా చెక్కితే, ఈయనను మాత్రం తల గొరిగించుకున్న భిక్షువుగా, ఒక చేతిలో ఉంగరాలు గలగలలాడే దండంతో, మరో చేతిలో చింతామణితో చెక్కుతారు. ఎప్పుడూ నడకలో ఉండే దైవం గనుక దారి పక్కన నిలవడం ఆయనకు సహజమే.

పిల్లలతో ఆయన అనుబంధం మాత్రం జపానులో పెరిగినది. తల్లిదండ్రుల కన్నా ముందు చనిపోయిన పిల్లలు పరలోకపు నది ఒడ్డున, సాయి నో కవర అనే రాళ్ళ తిన్నె మీద, కన్నవాళ్ళకు పుణ్యం కలగాలని గులకరాళ్ళను స్తూపంలా పేరుస్తూ ఉంటారట. పేర్చినప్పుడల్లా రాక్షసులు వచ్చి పడగొడతారు. అప్పుడు జిజో వచ్చి ఆ పిల్లలను తన వదులు చేతుల అంగీలో దాచుకుంటాడు. ఈ కథను పాటగా అల్లి శతాబ్దాల పాటు ఊరూరా పాడారు. ఉత్తరాన అఓమొరి ప్రాంతంలోని ఒసోరె పర్వతం మీదికి వెళితే బూడిద రంగు నేల నిండా భక్తులు పేర్చిన రాళ్ళ కుప్పలు కనిపిస్తాయి. పిల్లల పని కొంత మనం చేసి పెడదామన్న భావం అందులో ఉంది.

మీరు అడిగిన ఎర్ర గుడ్డ పసిపిల్లల మెడకు కట్టే చొంగగుడ్డ. పోయిన బిడ్డ గుడ్డను జిజోకు కడితే ఆ వాసన పట్టుకొని ఆయన ఆ బిడ్డను వెతికి ఆదుకుంటాడని చెప్పుకుంటారు. ఎరుపు రోగాలను, ముఖ్యంగా మశూచిని దూరంగా ఉంచుతుందన్న నమ్మకం కూడా దానికి తోడైంది. అందుకే బతికి ఉన్న బిడ్డ ఆరోగ్యం కోసం కట్టేవాళ్ళూ ఉన్నారు. చలికాలంలో ఊలు టోపీలు కూడా అల్లి పెడతారు.

1970ల నుంచి గర్భంలోనే పోయిన శిశువుల కోసం ‘మిజుకో’ జిజో పూజ దేశమంతటా వ్యాపించింది. ఆ దుఃఖానికి ఒక చోటు దొరకడం మంచిదే. కానీ పూజ చేయించకపోతే శిశువు శాపం తగులుతుందని భయపెట్టి కొన్ని చోట్ల డబ్బు గుంజారన్న విమర్శ జపానులోనే బలంగా వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనదేనని నా అభిప్రాయం. వీధి చివర జిజో దగ్గర అలాంటి బెదిరింపు లేదు, రుసుమూ లేదు.

వీధి జిజో ఎలా బతుకుతాడో చూడాలంటే ఆగస్టు 23, 24 తేదీల ప్రాంతంలో క్యోటోకు వెళ్ళాలి. అప్పుడు జరిగే జిజో-బోన్ పూర్తిగా పిల్లల పండుగ. వీధి పెద్దలు విగ్రహాన్ని గూటిలోంచి తీసి కడుగుతారు. కొన్ని వీధుల్లో ముఖానికి తెల్ల రంగు వేసి కళ్ళూ పెదవులూ కొత్తగా దిద్దుతారు. ఆ వీధిలో బిడ్డ పుట్టినప్పుడు బిడ్డ పేరు రాసి ఇచ్చిన కాగితపు లాంతర్లను గుడి ముందు వేలాడదీస్తారు. ఆడపిల్లకు ఎర్రది, మగపిల్లవాడికి తెల్లది కట్టడం ఆనవాయితీ. తరువాత పిల్లలందరూ నేల మీద చాపలు పరుచుకొని వలయంగా కూర్చుని, అందరి చేతుల్లోకీ వచ్చేంత పొడవైన ఒక జపమాలను భిక్షువు సూత్రం చదువుతుండగా చేతి నుంచి చేతికి తిప్పుతారు. మాలలోని పెద్ద పూస తన దగ్గరకు రాగానే ప్రతి పిల్లా దానిని నుదుటికి తాకించుకుంటుంది. ఆ పైన మిఠాయిలూ ఆటలూ. పిల్లలు తగ్గిపోవడంతో రెండు రోజుల పండుగను ఒక రోజుకు కుదించిన వీధులు, శని ఆదివారాలకు మార్చుకున్న వీధులు ఇప్పుడు చాలా ఉన్నాయి. కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్ల వాళ్ళకు సొంత జిజో ఉండదు. అలాంటి వాళ్ళకు క్యోటోలోని మిబు-దెర ఆలయం పండుగ రోజులకు రాతి జిజోలను అరువిస్తుంది. నగరం మారుతున్నప్పుడు చోటు కోల్పోయి ఆ ఆలయానికి చేరిన విగ్రహాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్నిటికి ఈ విధంగా ఏటా మళ్ళీ ఒక వీధి దొరుకుతున్నది.

జిజో మాట వ్యవహారంలోకి ఎంతగా చేరిందో ఒక సామెత చెబుతుంది. ‘అప్పు అడిగేటప్పుడు జిజో ముఖం, తీర్చేటప్పుడు ఎన్మా ముఖం’ అంటారు. ఎన్మా అంటే మన యముడే. ఆ ఇద్దరూ ఒకరేనని, యముడు నిజానికి జిజో ధరించిన ఉగ్రరూపమని మధ్యయుగపు జపాను నమ్మింది గనుక ఆ సామెతకు తెలుగువాళ్ళు అనుకునే దానికన్నా లోతు ఎక్కువ.

ప్రశ్న: మా ఊళ్ళో బొడ్రాయి ఉంది, పొలిమేరలో అమ్మవారు ఉంది. ఊళ్ళోకి రోగాలు రాకుండా కాపాడే పొలిమేర దేవతలు జపాను పల్లెల్లో కూడా ఉన్నారా?
– ఒక ఉపాధ్యాయుడు, వరంగల్ జిల్లా

జవాబు: ఉన్నారు. రెండు సంప్రదాయాలకూ చారిత్రక సంబంధమేమీ లేదు గానీ, కీడు దారి వెంట నడిచి వస్తుందనీ, దానిని ఊరి అంచున ఆపాలనీ రెండు చోట్లా అనుకున్నారు. జపానులో ఆ పని చేసేది దోసోజిన్. నాలుగు దారులు కలిసే చోట, కనుమల దగ్గర, ఊరి మొదట్లో ఈ రాళ్ళు ఉంటాయి. కీడును అడ్డుకోవడం, బాటసారులను కాపాడడం, పెళ్ళిళ్ళు కుదర్చడం, సంతానం ఇవ్వడం అన్నీ వీరి బాధ్యతలే.

నగానో ప్రాంతంలోని అజుమినో వీటికి పేరుపొందినది. ఆ ఒక్క పట్టణ పరిధిలోనే నాలుగు వందల దాకా దోసోజిన్ రాళ్ళు ఉన్నాయి. చాలా రాళ్ళ మీద ఒక ఆడ, ఒక మగ మూర్తి చేతులు పట్టుకొనో, ఒకరికొకరు పానపాత్ర అందించుకుంటూనో పక్కపక్కన నిలబడి ఉంటారు. అక్కడ ఒక విచిత్రమైన ఆచారం ఉండేది. ఊరికి కలిసి రానప్పుడు, అదృష్టం ఉందనుకున్న పొరుగూరి దోసోజిన్‌ను కలిసి రాని ఊరి యువకులు రాత్రికి రాత్రి ఎత్తుకొచ్చేవారు. దానిని దొంగతనమనకుండా పెళ్ళిగా చెప్పుకునేవారు. తమ రాయి పోతుందని భయపడిన ఊళ్ళు, తీసుకెళ్ళేవాళ్ళు ఇంత సొమ్ము కన్యాశుల్కంగా చెల్లించాలని ఆ రాతి మీదే చెక్కించాయి. అలా ఆ సొమ్ము ఎంతో చెక్కిన రాళ్ళు ఇప్పటికీ అక్కడి పొలాల గట్ల మీద చూడవచ్చు. ఒక పల్లె తన దేవుణ్ణి ఎంత సొంతంగా చూసుకుందో తెలియజేసే ఆధారాల్లో ఇంతకన్నా మంచిదాన్ని నేను చూడలేదు.

అదే నగానోలోని నొజావా ఒన్సెన్ గ్రామంలో జనవరి 15 రాత్రి దోసోజిన్ అగ్ని ఉత్సవం జరుగుతుంది. కొండ మీది నుంచి తెచ్చిన దుంగలతో పెద్ద మండపం కడతారు. 42 ఏళ్ళ వయసు మగవాళ్ళు దాని పైన కూర్చుంటారు, 25 ఏళ్ళ వాళ్ళు కింద నిలబడి కాపలా కాస్తారు. ఆ రెండూ మగవాళ్ళకు గండం ఉండే వయసులని నమ్మకం. మిగిలిన గ్రామమంతా కాగడాలతో మీదికి వస్తుంది, వాళ్ళు పైన్ కొమ్మలతో మంటలను ఆర్పుతూ ఎదుర్కొంటారు. చివరికి మండపాన్ని మంటలకు వదిలేస్తారు.

యోకోహామా పాఠకుడు చెప్పిన నిలువు రాయి కోషిన్ రాయి అయితే దాని కథ వేరు. మనిషి ఒంట్లో మూడు పురుగులు ఉంటాయనీ, అరవై రోజుల చక్రంలో కోషిన్ అనే రాత్రి మనిషి నిద్రపోగానే అవి బయటికి వచ్చి అతని పాపాలను స్వర్గాధిపతికి నివేదిస్తాయనీ చైనా తావో మతం నుంచి వచ్చిన నమ్మకం. నిద్రపోకపోతే అవి బయటికి రాలేవు. అందుకని ఊరివాళ్ళు ఒక ఇంట్లో చేరి, తింటూ తాగుతూ కబుర్లు చెప్పుకుంటూ తెల్లవార్లూ మేలుకొని ఉండేవారు. మూడేళ్ళలో 18 జాగరణలు పూర్తి చేసినందుకు గుర్తుగా ఒక రాయి నిలబెట్టేవారు. ‘ఎదో’ అని పిలిచే కాలంలో, అంటే 1603 నుంచి 1868 దాకా, ఈ రాళ్ళు వేలకొద్దీ వెలిశాయి. వాటి మీద షోమెన్ కొంగో అనే నీలిముఖపు ఉగ్రదేవతనూ, ఆయన పాదాల కింద కళ్ళూ చెవులూ నోరూ మూసుకున్న మూడు కోతులనూ చెక్కడం పరిపాటి. నిక్కో ఆలయపు గుర్రపుశాల మీద ఉన్నందువల్ల లోకమంతటికీ తెలిసిన మూడు కోతులు జపాను పల్లెల్లో ఈ రాళ్ళ మీద మామూలుగా కనిపించే కోతులే.

ప్రశ్న: మన దేవతలు కూడా జపాను గుళ్ళలో ఉన్నారంటారు. వినాయకుడు, సరస్వతి తప్ప ఇంకెవరైనా ఉన్నారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వినాయకుడి గురించి ముందు చెప్పాలి. కాంగితెన్ అనీ షోతెన్ అనీ పిలిచే ఆ రూపాన్ని జపానులో సాధారణంగా భక్తుల కంటపడనివ్వరు, విగ్రహం మూసిన మందసంలో ఉంటుంది. అందువల్ల దారి పక్కన ఆయన కనబడడం అరుదు. సరస్వతి అయిన బెంజైతెన్ అలా కాదు. నీరు ఉన్న చోటల్లా, చెరువు మధ్య చిన్న దీవి మీదో ఊట పక్కనో, ఆమె గుడి ఉంటుంది. టోక్యోలో ఉఎనో దగ్గరి షినోబజు చెరువులో ఉన్నది అందరికీ తెలిసినదే. నది పేరుతో పుట్టిన దేవత అంత దూరం వెళ్ళినా నీటిని విడిచిపెట్టలేదు. వీణ స్థానంలో బివ అనే వాద్యం వచ్చింది, విద్యతో పాటు సంపద ఇచ్చే శక్తి కూడా చేరింది. కమకురాలోని ఒక గుహాలయంలో భక్తులు చిన్న వెదురు బుట్టల్లో నోట్లూ నాణేలూ పెట్టి ఊటనీటిలో కడుగుతారు. అలా చేస్తే అవి పెరుగుతాయని నమ్మకం.

దారి పక్కన మీకు నిజంగా తరచుగా ఎదురయ్యేది హయగ్రీవుడు. మనకు హయగ్రీవుడు విద్యను ప్రసాదించే విష్ణు స్వరూపం. బౌద్ధంలో ఆ పేరుతో, జపానులో కన్నోన్ అని పిలిచే కరుణామయ బోధిసత్త్వుడు అవలోకితేశ్వరుడి ఉగ్రరూపం ఒకటి ఏర్పడి, జపానులో బతో కన్నోన్‌గా, అంటే గుర్రం తల కన్నోన్‌గా స్థిరపడింది. కిరీటం మీద గుర్రం తల ఉన్న ఈ దేవతను ‘ఎదో’ కాలంలో బరువులు మోసే గుర్రాలకు రక్షకుడిగా కొలిచారు. కొండదారుల్లో గుర్రం కాలు జారి పడి చనిపోయిన చోట, దానిని పోషించుకున్న రైతో, దాని వీపు మీద బరువులు తోలుకొని బతికిన బోయో, ఒక రాయి పెట్టించేవాడు. కొన్నిటి మీద మూర్తి ఉంటుంది, చాలావాటి మీద దేవత పేరు మాత్రమే ఉంటుంది. ఆ రాళ్ళు దేవతకు ఎంత గుడులో, పనిచేసి పనిలోనే ప్రాణం విడిచిన జంతువుకు అంత సమాధులు.

గుంటూరు నుంచి అడిగారు గనుక ఇంకొక పేరు తప్పక చెప్పాలి. పిల్లలను ఎత్తుకుపోయి తినే యక్షిణిగా ఉండి, తన చివరి బిడ్డను బుద్ధుడు దాచిపెట్టడంతో కడుపుకోత తెలిసి మారిపోయి, పిల్లల రక్షకురాలైన హారీతి కథ మీకు తెలిసే ఉంటుంది. ఇక్ష్వాకుల కాలంలో, అంటే క్రీస్తు శకం 3, 4 శతాబ్దాల్లో, కృష్ణానది ఒడ్డున నాగార్జునకొండలో ఆమెకు ఆలయం ఉండేదని తవ్వకాల్లో తేలింది. ఆమే చైనా మీదుగా జపానుకు వెళ్ళి కిషిమోజిన్ అయింది. టోక్యోలో జోషిగయ అనే చోట ఉన్న ఆమె ఆలయానికి సుఖప్రసవం కోసం, బిడ్డల క్షేమం కోసం ఇప్పటికీ స్త్రీలు వెళతారు. దానిమ్మ పండు ఆమెకు గుర్తు. నాగార్జునకొండలో ఆగిపోయిన ఒక పూజ అక్కడ ఇంకా నడుస్తున్నదని తెలిసినప్పుడు తెలుగువాళ్ళుగా మనం సంతోషించాలి.

రాళ్ళను చూసేటప్పుడు పైభాగంలో చెక్కిన ఒంటి అక్షరాన్ని కూడా గమనించండి. అది చైనా లిపి కాదు. సిద్ధం అనే భారతీయ లిపిలో రాసిన బీజాక్షరం అది. క్షితిగర్భుడి బీజం ‘హ’. మన తెలుగు లిపిలాగే సిద్ధం లిపి కూడా బ్రాహ్మి నుంచి పుట్టినదే.

ప్రశ్న: ఈ గుళ్ళు రోడ్ల మీద, ప్రభుత్వ స్థలాల్లో ఉంటే ఎవరూ అభ్యంతరం చెప్పరా? ప్రభుత్వం వాటిని తొలగించిన సందర్భాలు ఉన్నాయా?
– ఒక న్యాయశాస్త్ర విద్యార్థి, హైదరాబాదు

జవాబు: ఉన్నాయి, అదీ చాలా పెద్ద ఎత్తున. 1870ల మొదట్లో క్యోటో పాలకులు వీధుల్లోని జిజోలను మూఢనమ్మకమని తొలగించమని, జిజో-బోన్ ఆపమని ఆదేశించారు. ఆ ఆదేశం సడలగానే వీధులవాళ్ళు విగ్రహాలను తిరిగి తెచ్చుకున్నారు. అంతకన్నా పెద్ద దెబ్బ 1906లో తగిలింది. ఒక్కో గ్రామానికి ఒక్క షింతో ఆలయం చాలునని, చిన్నవాటిని దానిలో కలిపివేయాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పెద్ద ఆలయాలకు తగిన ఆదాయం, హోదా కల్పించి, వాటి ద్వారా ప్రజల్లో రాజ్యభక్తి పెంచాలన్నది ఉద్దేశం. అప్పటికి సుమారు 2,00,000 ఉన్న ఆలయాల్లో దాదాపు 70,000 కొన్నేళ్ళలోనే కనుమరుగయ్యాయి. మియె, వకయామ ప్రాంతాలు అందరికన్నా ఎక్కువ నష్టపోయాయి. గుడి పోయిన చోట దాని చుట్టూ శతాబ్దాలుగా ఎవరూ గొడ్డలి వేయని చెట్లను నరికి కలప అమ్ముకున్నారు.

దీన్ని ఎదిరించినవాడు మినకత కుమగుసు. ఆయన 1867లో వకయామలో పుట్టాడు, అమెరికాలోనూ లండన్‌లోనూ ఏళ్ళ తరబడి చదువుకుని 1900లో తిరిగివచ్చి తనబె పట్టణంలో స్థిరపడ్డాడు. బూజును పోలిన సూక్ష్మజీవుల మీద పరిశోధనలో పేరు పొందిన ప్రకృతి శాస్త్రవేత్త. గుడి పోతే చెట్లు పోతాయి, చెట్లు పోతే వాటి నీడన బతికే ప్రాణులు పోతాయి, ఆ వెంటే ఊరివాళ్ళు కలుసుకునే చోటూ ఊరి మీద వాళ్ళకున్న మమకారమూ పోతాయి అని ఆయన పత్రికల్లో వాదించాడు. 1910లో ఒక సభలోకి బలవంతంగా చొరబడినందుకు కొన్ని రోజులు నిర్బంధంలో ఉన్నాడు. జానపద పరిశోధకుడు యనగిత కునియో 1911లో ఆయన లేఖలను అచ్చువేయించి పెద్దలకు పంచడంతో వాదనకు బలం వచ్చింది. చివరికి 1920లో పార్లమెంటు ఎగువ సభ ఈ విలీనాల వల్ల ప్రయోజనం లేదని తీర్మానించింది. కుమనో యాత్రామార్గంలో ‘ఓజి’ అనే చిన్న గుళ్ళు మజిలీల్లా ఉంటాయి. వాటిలో త్సుగిజకుర ఓజి దగ్గర ఆయన పోరాటం వల్ల నిలిచిన మహావృక్షాలను నేటికీ చూడవచ్చు. ఆ మార్గం 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పర్యావరణ రక్షణ అన్న ఆలోచన ఇంకా స్థిరపడని రోజుల్లో, ఒక పల్లె గుడికీ దాని వెనుక ఉన్న అడవికీ మధ్య ముడిని అంత స్పష్టంగా చూపించిన మరొకరిని నేను ఎరుగను. ఆ 70,000 గుళ్ళ నష్టం మాత్రం పూడలేదు.

ఇప్పటి చట్టం సంగతికి వస్తే, 1947 నుంచి అమలులో ఉన్న రాజ్యాంగం ప్రభుత్వాన్నీ మతాన్నీ వేరుచేసింది. 20వ అధికరణం ప్రభుత్వ మతకార్యాలను నిషేధిస్తే, 89వ అధికరణం మతసంస్థలకు ప్రభుత్వ ధనం, ఆస్తి ఇవ్వరాదని చెబుతుంది. ఒసాకాలో పురపాలక గృహసముదాయపు స్థలంలో జిజో విగ్రహం పెట్టుకోవడానికి నగరపాలక సంస్థ వీధి సంఘానికి ఉచితంగా చోటు ఇవ్వడం మీద దావా పడింది. జిజో పూజ అక్కడి వీధుల్లో అలవాటుగా వచ్చిన ఆచారమేననీ, వీధి సంఘం మతసంస్థ కాదనీ భావించిన సుప్రీంకోర్టు 1992 నవంబరులో ఆ చర్యను సమర్థించింది. అదే కోర్టు 2010 జనవరిలో, హొక్కైదోలోని సునగవా నగరం తన స్థలాన్ని ఒక షింతో ఆలయానికి ఉచితంగా వాడుకోనివ్వడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. మీరు ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదవండి. పూజలు ఎవరు నిర్వహిస్తున్నారు, ఆ స్థలానికి ఏ స్వభావం ఉంది అన్న ప్రశ్నలకు కోర్టు ఎంత బరువిచ్చిందో తెలుస్తుంది.

ప్రైవేటు స్థలంలో ఉన్న గుడిని తొలగించడానికి చట్టపరమైన అడ్డంకి సాధారణంగా ఉండదు. అయినా చెప్పా పెట్టకుండా పడగొట్టడానికి కట్టడాల గుత్తేదార్లే వెనకాడతారు. షింతో గుడి అయితే అర్చకుణ్ణి, బౌద్ధ విగ్రహమైతే భిక్షువును పిలిచి, అందులోని దైవాన్ని సాగనంపే క్రతువు చేయించిన తరువాతే దానిని కదిలిస్తారు. నేటి అసలు ప్రమాదం కూల్చివేత కాదు. పల్లెల్లో యువకులు లేరు, ఉన్న ముసలివాళ్ళు కొండ మెట్లు ఎక్కలేరు. అలా చూసుకునేవాళ్ళు లేక పైకప్పు కూలి, నాచు పట్టి, ఎవరిదో తెలియకుండా పోతున్న గుళ్ళు ఏటేటా పెరుగుతున్నాయి.

ప్రశ్న: త్వరలో జపాను వెళుతున్నాను. ఇలాంటి గుడి ముందు మనం దండం పెట్టుకోవచ్చా? ఏమైనా నియమాలు ఉన్నాయా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు. మీ మతమేమిటని ఎవరూ అడగరు. తోరీ ఉన్న షింతో గుడి అయితే రెండుసార్లు వంగి నమస్కరించి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మనసులో అనుకుని, మరోసారి వంగుతారు. జిజో ముందు చప్పట్లు కొట్టరు, మనలాగే చేతులు జోడిస్తారు. ఏది ఏ సంప్రదాయమో తేల్చుకోలేకపోతే చేతులు జోడించి తల వంచితే చాలు. చిన్న పెట్టె ఉంటే ఒక నాణెం వేయవచ్చు. ఐదు యెన్ల నాణెం వేయడం అక్కడివాళ్ళకు ఇష్టం. మూసిన తలుపులు తెరవకండి, విగ్రహం పక్కన పేర్చిన రాళ్ళను కదపకండి, జ్ఞాపకంగా ఏదీ తీసుకోకండి. పిల్లల బొమ్మలూ టోపీలూ ఉన్న జిజోలను దగ్గర నుంచి ఫొటో తీయకపోవడం మర్యాద, ఎందుకంటే ఆ వస్తువులు ఎవరో తల్లిదండ్రులు పెట్టినవి. పండో మిఠాయో పెట్టాలనిపిస్తే పెట్టి, దండం పెట్టుకున్న తరువాత వెంట తీసుకువెళ్ళండి. వదిలేస్తే కాకులు చిందరవందర చేస్తాయి, మర్నాడు ఉదయం ఆ వీధిలో ఎవరో ఒకరు దాన్ని ఊడ్చుకోవలసి వస్తుంది.